మాంటిస్సోరి గదిలో ఏడాది చివరి ఆరు వారాలు ఎలా నడపాలి

ఏడాది చివరికొచ్చేసరికి మాంటిస్సోరి టీచర్లు అడిగే ప్రశ్నలు కాస్త అటూఇటూగా ఇవే. "చాలా ప్రెజెంటేషన్లు (సామాను ఎలా వాడాలో చూపించే పాఠాలు) మిగిలిపోయాయి, ఎలా పూర్తిచేయాలి?" "యాన్యువల్ డేకి ఏం చేయిద్దాం?" "పెద్ద బడికి వెళ్లే పిల్లల తల్లిదండ్రులు టెన్షన్ పడుతున్నారు, వర్క్‌షీట్లు మొదలుపెట్టమంటారా?" "పరీక్షలు లేవు కదా, ఎవరికి ఏం వచ్చిందో ఎలా చెప్పాలి?"

అన్నిటికీ కలిపి నా జవాబు ఒకటే. పొద్దుటి పని గంటల జోలికి వెళ్లకండి. ఏడాదిలో గది బాగా పనిచేసేది ఈ ఆరు వారాల్లోనే. మొదట్లో గుమ్మం దగ్గర ఏడుస్తూ నిలబడ్డ మూడేళ్ల పాప ఇప్పుడు తన చాప తానే చుట్టి పెడుతుంది. మూడేళ్లు ఇదే గదిలో ఉండేవాళ్లలో మూడో ఏడాది పిల్లలు గంటసేపు ఒకే పని మీద కూర్చోగలుగుతారు. సరిగ్గా ఆ సమయంలోనే మనం రిహార్సల్స్ అని, ఫొటోలని, షెల్ఫులు సర్దడమని గదిని చెడగొడతాం. రికార్డులు, తల్లిదండ్రుల రాక, మెటీరియల్ (పిల్లలు చేత్తో పట్టుకుని నేర్చుకునే సామాను) శుభ్రం, వీడ్కోలు అన్నీ చేయాల్సినవే. కాకపోతే అవి పని గంటల్లో ఇమిడిపోవాలి, లేదంటే వాటి తర్వాత జరగాలి.

కింద చెప్పేది 3 నుంచి 6 ఏళ్ల పిల్లల గది గురించి. 6 నుంచి 12 ఏళ్ల వాళ్ల గదికి ఏం మారుతుందో చివర్లో చెప్తాను.

కావలసినవి

- పిల్లల పేర్లు, మెటీరియల్ పేర్లు ఉన్న రికార్డు పుస్తకం
- జేబులో పట్టే చిన్న నోట్‌బుక్, పెన్సిల్
- ఒక్కో బిడ్డకి ఒక ఫైలు
- ఏ పెట్టెలో ఎన్ని ముక్కలుండాలో రాసిన మెటీరియల్ జాబితా
- పిల్లలకి అందే ఎత్తులో పెద్ద క్యాలెండర్
- రెండు చిన్న బేసిన్లు, మెత్తటి నూలు గుడ్డలు, పొడి బ్రష్, పాత టూత్ బ్రష్
- తల్లిదండ్రులు వచ్చే రోజుకి ఒక సహాయకురాలు

కాస్ట్యూములు, స్పీకర్లు, ర్యాంకులు వేసిన సర్టిఫికెట్లు అక్కర్లేదు.

1. ముందు క్యాలెండర్ మీద పని గంటలు కట్టేయండి

ఆరు వారాల క్యాలెండర్ ముందేసుకుని, రోజూ పొద్దున మూడు గంటల వర్క్ సైకిల్‌ని (పిల్లలు తమ పని తామే ఎంచుకుని చేసుకునే సమయాన్ని) రంగు పెన్సిల్‌తో నింపేయండి. మీ బడిలో రెండు గంటలే దొరుకుతుంటే ఆ రెండు గంటలే నింపండి. ఎంతసేపన్నది ఎలా ఉన్నా, మధ్యలో తెగకపోవడం ముఖ్యం. మిగతావన్నీ ఆ రంగు బయటే పెట్టాలి.

స్థూలంగా ఇలా పంచుకోవచ్చు. మొదటి వారం గమనించి రాసుకోవడానికి. తర్వాతి రెండు వారాలు ఒక్కొక్కరికి మిగిలిన పాఠాలకీ, పెద్ద పిల్లల పెద్ద పనులకీ. నాలుగో వారంలో తల్లిదండ్రులు వచ్చి చూడటం. చివరి రెండు వారాల్లో మెటీరియల్ లెక్క, ఫైళ్లు, వీడ్కోలు.

ఒక హెచ్చరిక. పని మొదలైన గంటా గంటన్నరకి గదిలో గోల పెరుగుతుంది. కొందరు తిరుగుతుంటారు, కొందరు నీళ్లు తాగడానికి లేస్తారు. పిల్లలు అలిసిపోయారనుకుని చాలామంది అప్పుడే గంట కొట్టేస్తారు, ఏడాది చివర్లో మరీను. ఓ పావుగంట ఓపిక పట్టండి. అసలు పని, లోతైన పని, ఆ గోల సద్దుమణిగాకే మొదలవుతుంది.

యాజమాన్యం యాన్యువల్ డే తప్పదంటే రోజు చివరి అరగంట మాత్రం ఇవ్వండి. నేల మీద గీసిన గీత మీద కూర్చుని ఏడాదంతా పాడుకున్న పాటలే అక్కడా పాడించండి. కొత్త డాన్సు మాత్రం ఒప్పుకోకండి. ఒక్క డాన్సు రెండు వారాలు తినేస్తుంది.

2. వారం రోజులు చూడండి, రాయండి

రోజుకి ఇరవై నిమిషాలు ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చోండి. పిల్లవాడు ఏం తీసుకున్నాడు, ఎంతసేపు చేశాడు, మళ్లీ మొదట్నుంచి చేశాడా, తిరిగి దాని చోట పెట్టాడా, మధ్యలో ఎవరు ఆపారు అన్నవి రాసుకోండి. ఆ చివరి ప్రశ్నకి జవాబుగా చాలాసార్లు టీచర్ పేరే వస్తుంది. మొహమాటపడకుండా రాయండి.

రికార్డులో గుర్తులకి త్రిభుజం పద్ధతి తేలిక. పాఠం చూపించాక ఒక గీత, బిడ్డ తనంతట తాను సాధన చేస్తుంటే రెండో గీత, పట్టు వచ్చాక మూడో గీతతో త్రిభుజం మూసేయాలి.

ఇక్కడ దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. పాఠం చెప్పామన్న ధీమాతో త్రిభుజం మూసేస్తారు. మీరు చెప్పిన పాఠానికి ఒక్క గీతే. మిగతా రెండూ పిల్లవాడు సంపాదించుకోవాలి.

పట్టు వచ్చిందో లేదో తేల్చుకోడానికి పరీక్ష పెట్టక్కర్లేదు. మూడు అంచెల పాఠం మన చేతిలోనే ఉంది. "ఇది ఫలానా" అని పేరు చెప్పడం మొదటి అంచె. "ఫలానాది ఏది? దాన్ని అక్కడ పెట్టు" అనడం రెండోది. "ఇదేంటి?" అని అడగడం మూడోది. రెండో అంచెలో పిల్లవాడు తడబడకుండా ఆడుతూ ఉంటేనే మూడోదానికి వెళ్లండి. ఏడాది చివరి హడావిడిలో టీచర్లు నేరుగా మూడో ప్రశ్నతో మొదలుపెడతారు. అది తనిఖీ అయిపోతుంది, బిడ్డ నోరు మెదపదు.

కొన్ని చోట్ల ఇలా చూడొచ్చు:

సంఖ్యలకి: "పదిహేడు తీసుకురా" అనండి. ఒక బంగారు రంగు పదుల కడ్డీ, దాని పక్కన తెల్లటి ఏడు పూసల కడ్డీ వస్తే సరే. ఏడు పదుల కడ్డీలు, ఒక విడి పూస పట్టుకొచ్చాడా? అది డెబ్బై ఒకటి. అంకెలు చెవికి తెలుసు, స్థానం చేతికింకా తెలియదన్నమాట. "తప్పు" అనకండి. తెచ్చింది ఇద్దరూ కలిసి లెక్కపెట్టి, మెటీరియల్ సర్దేసి, మర్నాడు బంగారు పూసల (ఒకట్లు, పదులు, వందలు, వేలు చూపించే మెటీరియల్) దగ్గరికి వెనక్కి వెళ్లండి.

చదవడానికి: చిన్న చీటీల మీద చేయాల్సిన పనులు రాసివ్వండి. "కిటికీ దగ్గరికి వెళ్లి రెండుసార్లు చప్పట్లు కొట్టు" అన్న చీటీ మౌనంగా చదువుకుని, పాప లేచి వెళ్లి చప్పట్లు కొట్టిందంటే అర్థం చేసుకుని చదివినట్టు. గడగడా పైకి చదివి మీ మొహం చూస్తూ నిలబడితే అక్షరాలు కూడబలుక్కుంది, అర్థం ఇంకా అందలేదు. వత్తులు పట్టుబడని పిల్లలకి "తల ఊపు", "పలక తీసుకురా" లాంటి వత్తుల్లేని చీటీలు విడిగా పెట్టుకోండి. లేకపోతే చదవగలిగిన బిడ్డని కూడా చదవలేదని రాసేస్తాం.

ఇంద్రియ మెటీరియల్‌కి: గులాబీ స్తంభం (పెద్దది నుంచి చిన్నదాకా పేర్చే గులాబీ ఘనాలు) నిలబెట్టాడా లేదా అన్నది చూడకండి, నాలుగేళ్లకి ఎవరైనా నిలబెడతారు. మధ్యలో ఒక ఘనం వరస తప్పితే తానే గమనించి దించుకుంటున్నాడా? దాన్ని గోధుమరంగు మెట్లతో (మందం తగ్గుతూ పోయే కొయ్య దిమ్మెలతో) కలిపి కొత్త అమరిక ఏదైనా కనిపెట్టాడా? ఈ రెండూ కనిపిస్తే త్రిభుజం మూసేయొచ్చు.

3. బిడ్డకి రెండు మూడు పాఠాలే రాసుకోండి

మిగిలిపోయిన ప్రెజెంటేషన్లన్నీ ఏకరువు పెట్టుకుంటే ఆరు నెలలైనా తీరవు. రికార్డు చూసి ఒక్కొక్కరికి రెండు, మహా అయితే మూడు పాఠాలు ఎంచుకోండి. ఏది చూపిస్తే దాని వెనక ఆగిపోయిన నాలుగు పనులు కదులుతాయో అది ముందు. ఉదాహరణకి గరుకు అక్షరాలు (వేలితో తడిమి నేర్చుకునేవి) సగంలో ఆగిన బిడ్డకి అవి పూర్తయితే కదిలే అక్షరాల పెట్టె (పేర్చి మాటలు కూర్చే విడి అక్షరాలు) దానంతట అదే తెరుచుకుంటుంది.

మొదటి ఏడాది పిల్లల జాబితాలో అక్షరాలు, అంకెలు కుక్కకండి. పోయడం, గుండీల ఫ్రేము (గుండీలు పెట్టడం సాధన చేసే గుడ్డ చట్రం), బల్ల కడగడం నిలకడగా వచ్చాయంటే వాళ్ల ఏడాది బాగా గడిచినట్టే. వాళ్లకి ఇదే గదిలో ఇంకా రెండేళ్లున్నాయి.

చివరి రెండు వారాల్లో పెద్ద మెటీరియల్ ఏదీ కొత్తగా మొదలుపెట్టొద్దు. మళ్లీ మళ్లీ చేసుకునే వ్యవధి లేని పాఠం సెలవుల్లో చెరిగిపోతుంది. బిడ్డే వచ్చి "అది చూపించండి" అని అడిగితే సంగతి వేరు, చూపించండి.

4. మూడో ఏడాది పిల్లలకి ఒక పెద్ద పని ఇవ్వండి

అయిదారేళ్ల వాళ్లకి ఈ సమయంలో చిన్న చిన్న పనులు చప్పగా ఉంటాయి. అల్లరి వాళ్ల దగ్గరే మొదలవుతుంది. ఒక రోజులో తేలని పని వాళ్ల చేతికివ్వాలి. నాకు తెలిసి వెయ్యి పూసల గొలుసుని మించింది లేదు.

వంద పదుల కడ్డీలు వరసగా గుచ్చి ఉంటాయి. పరిస్తే మామూలు గదిలో పట్టదు. వరండా గానీ, రెండు గదులు కలిసే దారి గానీ ముందే చూసుకోండి. ఇద్దరు పిల్లలు కలిసి పొడవాటి చాపలు వరసగా పరుస్తారు, గొలుసు జాగ్రత్తగా మోసుకొచ్చి విప్పుతారు, పూసలు లెక్కపెడుతూ చీటీలు పెడతారు. ఒకట్లకి ఆకుపచ్చ చీటీలు, పదులకి నీలం, వందలకి ఎరుపు, చివర వెయ్యికి మళ్లీ ఆకుపచ్చ. ప్రతి వంద దగ్గరా ఒక వందల పలక (వంద పూసల చదరం) పెడతారు. చివరికొచ్చేసరికి పది పలకలు పోగవుతాయి. వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి వెయ్యి పూసల ఘనం పక్కన నిలబెట్టి చూసుకుంటారు. ఆ పని వాళ్లనే చేసుకోనివ్వండి, మీరు వివరించొద్దు.

చెడిపోయేది సాధారణంగా ఈ మూడు చోట్ల:

- చీటీలన్నీ ఒక్కసారి కుమ్మరించడం. వంద వందగా కవర్లలో వేసి ఇస్తే పిల్లలు గందరగోళపడరు.
- ఒక్కరోజులో ముగించాలని తొందరపెట్టడం. సగంలో ఆగితే పేర్ల చీటీ పెట్టి అలాగే వదిలేయండి. రాత్రికి ఊడ్చేవాళ్లకి ముందే చెప్పండి, లేకపోతే పొద్దున్నే వచ్చిన పిల్లలకి ఖాళీ నేల కనిపిస్తుంది.
- మూడు వందల నలభై దగ్గర లెక్క తప్పిందని పెద్దవాళ్లు దిద్దడం. దిద్దక్కర్లేదు. ఎర్ర చీటీ పెట్టే చోటికి వచ్చేసరికి నీలం చీటీ ఒకటి ఎక్కువో తక్కువో అవుతుంది. వాళ్లే వెనక్కి నడుస్తారు.

ఫలితం చూడ్డానికి, పని పూర్తయ్యాక "ఆరువందల నలభై దగ్గరికి వెళ్లి నిలబడు" అనండి. మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తున్నాడా, నేరుగా ఆరువందల వైపు నడుస్తున్నాడా గమనించండి. రెండోదైతే పదుల పద్ధతి ఒంటబట్టింది.

గొలుసు లేని బడిలో వంద గొలుసుతోనే పొడవాటి కాగితం చుట్ట మీద 1 నుంచి 1000 దాకా రాసుకునే పని పెట్టొచ్చు. రోజుకో వంద రాసి, చుట్టి, రబ్బరు బ్యాండు వేసి పెట్టుకుంటారు. అంకెల మీద అంత ఇష్టం లేని పిల్లలకి పజిల్ మ్యాపు ముక్కలు గీసి, రంగులు వేసి, పేర్లు రాసే పెద్ద మ్యాపు ఇవ్వండి. మొక్క భాగాల పుస్తకం తయారుచేయడం, చిన్న సంచి కుట్టడం కూడా ఇలాంటి పనులే.

చిన్న పిల్లలు చుట్టూ చేరి చూస్తారు. పంపేయకండి. గొలుసు తొక్కకుండా నడవడం వాళ్లకది మంచి సాధన.

పెద్ద పిల్లలు చిన్నవాళ్లకి ఒక పాఠం చూపించే ఏర్పాటు కూడా ఈ వారాల్లోనే పెట్టుకోండి. పోయడం, చాప చుట్టడం, జిప్పు ఫ్రేము లాంటివి ఎంచుకోండి. భాష పాఠాలు వద్దు, అక్కడ తప్పు ఉచ్చారణ అంటుకుంటే దిద్దడం కష్టం.

5. తల్లిదండ్రులు వచ్చి పని చూసే రోజు

స్టేజీ ప్రోగ్రాం బదులు ఇది పెట్టండి. ఇందులో ప్రతి బిడ్డకీ చోటుంటుంది. స్టేజీ మీద రెండో వరసలో నిలబడి చేతులూపే పాపాయి కూడా ఇక్కడ తన పని తాను చేసి చూపిస్తుంది.

నాలుగైదు కుటుంబాలకి ఒక నలభై నిమిషాలు ఇవ్వండి. అందర్నీ ఒకేసారి పిలిస్తే గది సంతలా తయారవుతుంది. ముందురోజు ప్రతి బిడ్డా తాను చూపించదలుచుకున్న మూడు పనులు ఎంచుకుంటుంది. రాయలేనివాళ్లు బొమ్మ గీస్తారు. ఆ చీటీ పట్టుకుని వాళ్లే అమ్మానాన్నల్ని షెల్ఫు దగ్గరికి తీసుకెళ్తారు.

గుమ్మం దగ్గరే తల్లిదండ్రుల చేతికి ఒక చిన్న కాగితం ఇవ్వండి. అందులో ఈ నాలుగు మాటలు చాలు:

- బిడ్డ పక్కన, బిడ్డ ఎత్తులో కూర్చోండి.
- "ఇది ఎలా చేస్తావో చూపిస్తావా?" అని అడగండి. తర్వాత చూడండి.
- తప్పు కనిపించినా చెయ్యి పెట్టొద్దు.
- ఫోన్ బ్యాగులో ఉంచండి. చివర్లో ఒక్క ఫొటోకి టైమిస్తాం.

నోటితో చెప్తే సగం మంది వినరు, అందుకే కాగితం.

గట్టిగా చదివేస్తుందనుకున్న పాప ఆరోజు నీళ్లు ఒక కూజాలోంచి ఇంకో కూజాలోకి పోసే పని ఎంచుకుంటుంది. తండ్రి మొహం వాడిపోతుంది. ఇది జరిగి తీరుతుంది కాబట్టి ముందే చెప్పి ఉంచండి. "పోసేటప్పుడు మణికట్టు చూడండి. ఆఖరి చుక్క పడేదాకా ఆగిందా? పడ్డ నీళ్లు ఎవరూ చెప్పకుండా తుడిచిందా? ఆ చేత్తోనే రేపు పెన్సిల్ పట్టుకుంటుంది." చూడాల్సింది ఎక్కడుందో తెలిస్తే పెద్దవాళ్లు కూడా ఆసక్తిగానే చూస్తారు.

బిడ్డ బిగుసుకుపోయి కదలకపోతే బతిమాలొద్దు. గుడ్డలు మడిచే ట్రే ఒకటి తల్లికిచ్చి మడవమనండి. ఓ అయిదు నిమిషాల్లో బిడ్డ తానే వచ్చి "అలా కాదు" అంటుంది. అప్పటికీ రాకపోతే ఆరోజు అంతే. ఇంకోరోజు పొద్దున పావుగంట పిలవండి.

ఇక్కడ టీచర్లు చేసే తప్పుల్లో మొదటిది, పిల్లల బదులు తామే పనులు ఎంచడం. రెండోది, మూడు రోజులు ముందునుంచి అవే పనులు చేయించి చేయించి విసుగు పుట్టించడం. పని ఎవరూ చెప్పకుండానే షెల్ఫు మీద తన చోటికి తిరిగి చేరిందంటే ఆరోజు బాగా జరిగినట్టు లెక్క.

6. పెద్ద బడికి వెళ్లేవాళ్ల కోసం

వర్క్‌షీట్ల విషయం. బెంచీలు, గంటలు, నోట్‌బుక్కులు ఉన్న బడికి వెళ్లే పిల్లలకి కొంత తయారీ కావాలి, నిజమే. దానికోసం రెండు వారాలు వర్క్‌షీట్లు నింపించడం మాత్రం దండగ. పెన్సిల్ పట్టు కోసం మెటల్ ఇన్‌సెట్లు (చుట్టూ పెన్సిల్‌తో గీసే లోహపు ఆకారాలు) ఉన్నాయి, రోజుకొకటి చేసి పుస్తకంగా కుట్టుకోనివ్వండి. స్టాంప్ గేమ్‌తో (1, 10, 100, 1000 అని రాసిన చిన్న పలకలతో) చేసిన కూడికలు గళ్ల నోట్‌బుక్‌లో ఎక్కించుకోనివ్వండి. కాగితం మీద లెక్క చేయడం అలాగే అలవాటవుతుంది.

అసలు తేడా వచ్చేది పద్ధతుల దగ్గర. చెయ్యెత్తి అడగడం, గంట కొట్టగానే సగంలో ఆపి పుస్తకం మూయడం, టీచర్ అందరితో కలిపి మాట్లాడుతుంటే అది తనకి కూడా అని తెలుసుకోవడం. మాంటిస్సోరి పిల్లలకి ఇవి కొత్త. మర్యాద పాఠాల్లాగే నటించి చూపించండి. ఒకరు టీచర్, నలుగురు పిల్లలు, ఓ పది నిమిషాలు. పని సగంలో ఆపడం వాళ్లకి నచ్చదు. "అక్కడ అలా ఉంటుంది" అని చెప్పండి. మన పద్ధతి గొప్పదనో, వాళ్లది చెడ్డదనో నూరిపోయొద్దు.

కొత్త టీచర్‌కి ఒక పేజీ ఉత్తరం రాయండి. అందులో మన మెటీరియల్ పేర్లు వద్దు. "రెండో సెగాన్ బోర్డు పూర్తి" అంటే అక్కడెవరికీ అర్థం కాదు. "99 దాకా అంకెలు చదివి రాయగలదు. నాలుగంకెల కూడికలు వస్తువులతో చేస్తుంది. చిన్న వాక్యాలు మౌనంగా చదివి అర్థం చేసుకుంటుంది. పనిలో ఉండగా పిలిస్తే వెంటనే పలకదు, వినపడక కాదు" ఇలా రాయండి. ఆ ఆఖరి వాక్యంలాంటిది ప్రతి బిడ్డకీ ఒకటి ఉంటుంది. అది రాయకపోతే బిడ్డకి మొదటి నెలంతా తిట్లే.

ఫైల్లో పది పదిహేను కాగితాలు మించొద్దు. వాటిలో సగం బిడ్డ ఎంచుకున్నవి ఉండాలి. తేదీ లేని కాగితం పనికిరాదు.

7. మెటీరియల్ పిల్లలతోనే కడిగించండి, లెక్కపెట్టించండి

పిల్లలు వెళ్లిపోయాక టీచర్లు ఒక్కళ్లే నడుం విరిగేలా చేసే పని ఇది. నిజానికి ఇంతకన్నా మంచి ప్రాక్టికల్ లైఫ్ (రోజువారీ పనుల) పాఠం లేదు. చివరి పది రోజుల్లో రోజుకో షెల్ఫు పెట్టుకోండి.

కొయ్య సామాను నీళ్లలో ముంచకూడదు. గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో అద్దాలి. గరుకు అక్షరాలకి, అంకెలకి తడి తగలకూడదు, పొడి బ్రష్‌తో దులిపితే చాలు. దులిపాక కళ్లు మూసుకుని మీ వేలితో ఒకసారి రాసి చూడండి. గరుకుదనం తెలియని అక్షరాన్ని మార్చాల్సిందే, ఏడాదంతా వందల వేళ్లు తిరిగిన చోటు అది. పూసల కడ్డీలకి తీగ ఉంటుంది కాబట్టి తడి టూత్ బ్రష్‌తో రుద్దినా ఎండ తగిలే చోట బాగా ఆరనివ్వాలి, లేకపోతే తుప్పు పడుతుంది.

లెక్కపెట్టడం నాలుగేళ్లు దాటినవాళ్ల పని. అంకెల గళ్లలో వేసి లెక్కపెట్టే కొయ్య కడ్డీల పెట్టెలో (స్పిండిల్ బాక్స్) 45 కడ్డీలుండాలి, ఎందుకంటే 1 నుంచి 9 దాకా కూడితే అంతే వస్తుంది. ఈ సంగతి పెద్ద పిల్లల్నే కనుక్కోనివ్వండి. పిడి ఉన్న సిలిండర్లు నాలుగు దిమ్మెల్లో కలిపి 40. రంగు పలకల రెండో పెట్టెలో 11 జతలు, మూడో పెట్టెలో 63 పలకలు. రంగు దిమ్మెలు పేర్చి కట్టే ద్విపద ఘనంలో 8 ముక్కలు, త్రిపద ఘనంలో 27. గులాబీ స్తంభంలో పది ఘనాలు. తగ్గేది ఎప్పుడూ ఆ ఒక సెంటీమీటరు చిన్నదే. షెల్ఫు వెనక, చాపల మడతల్లో, ఏప్రన్ జేబుల్లో వెతకండి.

తప్పినవి, విరిగినవి అక్కడికక్కడే జాబితాలో రాసి, రిపేర్ చేయాల్సినవి వేరే పెట్టెలో పెట్టండి.

అన్నిటికన్నా నష్టం చేసే పొరపాటు: ఒక సాయంత్రం షెల్ఫులన్నీ ఖాళీ చేసి తాళం వేసేయడం. మర్నాడు పిల్లలొచ్చి ఖాళీ షెల్ఫుల మధ్య పరుగులు పెడతారు, మనం వాళ్లకి క్రమశిక్షణ పోయిందంటాం. శుభ్రం చేసింది మళ్లీ షెల్ఫులోకే వెళ్లాలి. ఎవరూ ముట్టుకోనివి మాత్రం కొన్ని కొన్నిగా తీసేయొచ్చు. ఆఖరి రోజు పొద్దున కూడా ప్రాక్టికల్ లైఫ్ షెల్ఫు నిండుగా ఉండాలి.

8. వీడ్కోలు

రెండు వారాల ముందే చెప్పండి. క్యాలెండర్ పక్కన కాగితపు గొలుసు వేలాడదీసి రోజుకో లంకె తీస్తే మూడేళ్ల వాళ్లకి కూడా ఎన్ని రోజులున్నాయో కంటికి కనిపిస్తుంది. ఆ రోజుల్లో బాగా కుదురుకున్న బిడ్డ కూడా హఠాత్తుగా ఒలకబోస్తుంది, ఏడుస్తుంది, మీ కొంగు వదలదు. కొత్త పాఠాలు ఆపి కడగడం, తుడవడం, మొక్కలకి నీళ్లు పోయడం లాంటి ఒళ్లు కదిలే పనులివ్వండి.

పుట్టినరోజుకి సూర్యుడి చుట్టూ నడిచే పద్ధతి మీ గదిలో ఉంటే అదే వాడుకోవచ్చు. మధ్యలో దీపం, చేతిలో గ్లోబు, ఈ గదిలో గడిపిన ఏడాదికి ఒక చుట్టు. ప్రతి చుట్టుకీ ఆ ఏడాది బిడ్డ నేర్చుకున్న ఒక పని చెప్పండి. దీపం దగ్గర పెద్దవాళ్లొకరు ఉండాలి, లేదా బ్యాటరీ దీపం పెట్టండి. రోజుకి ఇద్దరు ముగ్గురిని మించి చేస్తే చిన్నవాళ్లు కూర్చోలేరు.

నల్ల గౌను, టోపీ, "ఉత్తమ విద్యార్థి" బహుమతి మానేయండి. 1907లో రోమ్‌లో తెరిచిన మొదటి బాలల గృహంలోనే, పనిలో మునిగిన పిల్లలు బహుమతుల్ని పట్టించుకోరని మరియా మాంటిస్సోరి గమనించారు. చివరి వారంలో ఒకరికి బహుమతిస్తే మిగతా అందరూ దాని గురించే అడుగుతారు.

9. సెలవుల కాగితం

ఇంటికి ఒక్క పేజీ చాలు. మెటీరియల్ కొనమని, ఇంట్లో తయారుచేయమని రాయొద్దు. బట్టలు మడవడం, బల్ల తుడవడం, రోజూ ఒక కథ చదివి వినిపించడం, నడకకి తీసుకెళ్లి బిడ్డ ఆగిన చోటల్లా ఆగడం. బడి తెరిచే నాలుగు రోజుల ముందు నుంచి నిద్ర వేళలు సర్దుకోమని ఒక మాట చేర్చండి.

6 నుంచి 12 ఏళ్ల గది అయితే

రికార్డు పని సగం పిల్లలదే. తమ వర్క్ జర్నల్ తిరగేసి, ఏది పూర్తయింది, ఏది వదిలేశాను, వచ్చే ఏడాది ఎక్కడ మొదలెడతాను అని వాళ్లే ఒక పేజీ రాస్తారు. దాని మీద మీరు పది నిమిషాలు కూర్చుని మాట్లాడతారు. పెద్ద పనిగా గొలుసు బదులు పరిశోధన, బయటికి వెళ్లి ఒకర్ని కలిసి తెలుసుకోవడం ఉంటాయి. ఎవరిని కలవాలి, ఎలా వెళ్లాలి, ఏం అడగాలి అన్నదంతా వాళ్లే ఏర్పాటు చేసుకోవాలి. మీరు ఫోన్ చేసి పెడితే అందులో వాళ్ల పని ఇంకేం మిగలదు.

ఇంకా ఒక్క వారమే ఉందా?

అప్పుడు తల్లిదండ్రుల రోజు, పెద్ద గొలుసు రెండూ వదిలేయండి. పొద్దుటి పని గంటలు మామూలుగా నడపండి. మధ్యాహ్నాలు ఇలా వాడుకోండి: మొదటి రెండు రోజులు బడి మారే పిల్లల రికార్డు, ఉత్తరం. మూడో రోజు మిగతావాళ్ల త్రిభుజాలు. నాలుగో రోజు పిల్లలతో లెక్క, ముక్కలు ఎక్కువగా పోయే పెట్టెలు మాత్రమే. అయిదో రోజు గీత మీద కూర్చుని పాటలు, వెళ్లేవాళ్ల చుట్లు. షెల్ఫులు తుడిచే పని వచ్చే ఏడాది మొదటి వారానికి వాయిదా వేయండి. అదే గదికి తిరిగొచ్చే పిల్లలకి కొత్త ఏడాది మొదలుపెట్టడానికి అంతకన్నా మంచి పని దొరకదు.